శ్రుతి విన్న ఇల్లు

శాసనసభలో గ్రిడ్ చట్టం నెగ్గిన రోజు ఏదని ఎవరడిగినా వెంకటరత్నం గారు తడుముకోకుండా చెప్పేవారు: ఆగస్టు ఆరు. ఆ పూట ఏం తిన్నారో కూడా చెప్పేవారు. దిబ్బరొట్టె, చెరుకు పానకం. రొట్టె అడుగున కాస్త మాడింది. భార్య సుభద్రమ్మ ఉండగా ఇత్తడి గిన్నెలో పిండి పోసి, మూత మీద కూడా నిప్పులు వేసి నిదానంగా కాల్చేది. ఆవిడ పోయాక ఆయన గ్యాసు పొయ్యి మీద ఆ పని నేర్చుకున్నారు. మాడిన చెక్కు తన పళ్ళెంలోకి తిప్పుకుని, మెత్తటి ముక్క కూతురి పళ్ళెంలో పెట్టారు.

హైమ ఏలూరు నుంచి ఆ ఉదయమే భీమవరం వచ్చింది. తీరాంధ్ర గ్రిడ్ సంస్థలో ఇంజనీరు. ఏ ఊరికి ఎంత కరెంటు వెళ్ళాలో, ఎక్కడ ఆపాలో చూసేది ఆ సంస్థే. టీవీలో సభ్యులు బల్లలు చరుస్తుంటే ఆమె ముక్క తుంచి పానకంలో ముంచడం మరచి చూస్తోంది.

"ఇన్నాళ్ళూ మా బోర్డులో ఉన్నవాళ్ళంతా కరెంటు అమ్మే కంపెనీల మనుషులే నాన్నా. తప్పు చేసేదీ వాళ్ళే, విచారించేదీ వాళ్ళే. ఇకమీదట పైన పర్యవేక్షక మండలి అని ఒకటుంటుంది. అందులో సగం మంది ఇంటికి మీటరున్న మామూలు జనం. లాటరీ తీసి ఎంచుతారట."

"లాటరీలో మీ మాట వినేవాళ్ళు వస్తారో, మీ పని పట్టేవాళ్ళు వస్తారో."

"ఎవరొచ్చినా సరే. కోత వల్ల ఎవరికైనా హాని జరిగితే, ఎందుకు కోశామో ఆ ఊరి దగ్గరికే వెళ్ళి, అందరి ముందూ తెలుగులో చెప్పాలి. యంత్రాన్ని కట్టినవాళ్ళే చెప్పాలి. అంటే నేనన్నమాట."

"చెబుదువుగాని. ముందు ఆ ముక్క తిను, చల్లారిపోతోంది."

అంతలో పక్కింట్లో పచ్చడి రుబ్బుతున్న మిక్సీ చటుక్కున ఆగి, మనిషి తుమ్మినంతసేపట్లో మళ్ళీ మొదలైంది. గోడ అవతలి నుంచి పార్వతమ్మ గొంతు వినబడింది. "హైమా, మీ శ్రుతమ్మ నా గోంగూర మీద పడిందమ్మోయ్."

హైమ నవ్వింది. శ్రుతి అంటే ఆమె కట్టిన యంత్రం.

వెంకటరత్నం గారు కాలేజీలో ఫిజిక్సు చెప్పిన మనిషి. కూతురు చిన్నప్పుడు శ్రుతిదండాన్ని మోకాలికి తట్టి ఆమె చెవి దగ్గర పెట్టేవారు. కరెంటు తీగకి కూడా ఇలాంటి శ్రుతి ఒకటి ఉంటుందనీ, జనం ఒక్కసారిగా ఎక్కువ వాడితే అది కిందికి జారుతుందనీ, మరీ జారితే రాష్ట్రం మొత్తం చీకటైపోతుందనీ చెప్పేవారు. అలా జారినప్పుడు పాతరోజుల్లో ఊళ్ళకి ఊళ్ళే కరెంటు తీసేసేవారు. హైమ యంత్రం అలా తీయదు. లక్షల ఇళ్ళ దగ్గర ఒక్కో క్షణం చిటికెడు చిటికెడు పుచ్చుకుని, తీగని మళ్ళీ శ్రుతిలో పెడుతుంది.

దానికి హైమ ఒక చెవి కూడా పెట్టింది. మీటరులో కరెంటు వణికే తీరుని బట్టి ఆ ఇంట్లో ఏం తిరుగుతోందో అది గుర్తుపడుతుంది. ఫ్రిజ్జుదో వణుకు, గ్రైండరుదో వణుకు. ఊపిరితిత్తుల జబ్బుతో సుభద్రమ్మ మంచం పట్టిన రోజుల్లో కరెంటు పోతే, ఆక్సిజన్ మిషను ఆగి, ఆవిడ గుడ్లు తేలేసేది. తండ్రీ కూతుళ్ళు బ్యాటరీ కోసం తడుముకునేవారు. ఆ చెవి పుట్టింది ఆ మంచం పక్కనే. ఆక్సిజన్ మిషను వణుకు రోజులో ఒక్కసారి వినబడినా చాలు, ఆ ఇంటి జోలికి శ్రుతి వెళ్ళదు.

"మన ఇంటికి మాత్రం ఎప్పుడూ ఒక్క క్షణం కూడా ఆగదే," అన్నారు వెంకటరత్నం గారు తలెత్తి ఫ్యాను చూస్తూ. "ఈ లైను మంచిదనుకుంటా. ఆ మాత్రం అదృష్టం ఉండాలిలే."

హైమ వంచిన తల ఎత్తకుండా పళ్ళెంలో మిగిలిన పానకాన్ని వేలితో తుడుచుకు తింది.

* * *

సంక్రాంతి వెళ్ళాక ఒక ఉదయం ఫోను మోగింది. "మీ మీటరు లాటరీలో వచ్చిందండి," అంది అవతలి గొంతు. వెంకటరత్నం గారు మొదట ఎవరో మోసగాళ్ళనుకుని పెట్టేశారు. రెండోసారి మోగినప్పుడు మండలి అధ్యక్షురాలే మాట్లాడారు. షరీఫాబేగం, పదవీ విరమణ చేసిన జడ్జి.

"అమ్మా, మా అమ్మాయి ఆ సంస్థలోనే ఇంజనీరు. శ్రుతిని కట్టింది తనే."

"మీరే ముందుగా చెప్పారు చూడండి, అది చాలు. ఆమె సంగతి చర్చకొచ్చిన రోజు మీరు కుర్చీ దిగి జనంలో కూర్చుంటారు. ఓటు వెయ్యరు. మిగతా రోజుల్లో కూర్చుంటారు."

మండలి మొదటి సమావేశానికి ఆయన తెల్ల చొక్కా తనే గంజిపెట్టి ఇస్త్రీ చేసుకున్నారు. గంజి ఎక్కువై కాలరు అట్టలా నిలబడింది. బస్సులో పక్కన కూర్చున్నాయన "పెళ్ళికాండీ?" అని అడిగితే, "అంతకన్నా పెద్ద పనే," అన్నారు. గ్రిడ్ సంస్థ చీఫ్ ఇంజనీరు పురుషోత్తం లేచి నిలబడి, ఒక కుట్టుమిషను ఆవిడకీ, ఒక ఐసు ఫ్యాక్టరీ గుమాస్తాకీ, వెంకటరత్నం గారికీ లెక్కలు అప్పజెబుతుంటే, ఆయన కుర్చీ అంచుకి జరిగి విన్నారు. ఇంతకాలం అద్దాల తలుపు వెనక ఉన్నవాళ్ళు, మామూలు మనిషి అడిగిన దానికి "చెబుతామండీ" అంటున్నారు. ఆ మాట చాలు, బస్సు చార్జీ గిట్టుబాటైందనుకున్నారు.

* * *

రోహిణి కార్తెలో ఒక సాయంత్రం గాలి దుమారం లేచింది. కొల్లేటి వైపు రెండు పెద్ద టవర్లు ఒరిగిపోయాయి. ఊరంతా ఏసీలు తిరుగుతున్న వేళ. చిటికెడు చిటికెడు పుచ్చుకుంటే సరిపోయే పరిస్థితి కాదు. శ్రుతి ఒక లైను పూర్తిగా వదిలేయాలి. కాలవకి ఇటు కొమ్మరవరం, అటు పల్లెపాడు. అది పల్లెపాడుని వదిలేసింది.

పల్లెపాడులో ఏసమ్మ అనే ముసలావిడ ఆక్సిజన్ మిషను మీద ఉంది. మిషను ఆగింది. కోడలు కరుణ అత్తగారిని చేతుల మీద ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది. ఎదురుగా చేపల ఆటో. డ్రైవరు ట్రేలన్నీ రోడ్డు పక్కన దించేసి, "ఎక్కండమ్మా, చేపలెక్కడికీ పోవు," అన్నాడు. ఆసుపత్రిలో ముసలావిడ తేరుకుంది. కానీ మాట పడిపోయింది. కరుణ మండలికి ఫిర్యాదు పెట్టింది. కొత్త చట్టం కింద వచ్చిన మొదటి ఫిర్యాదు అదే.

"విచారణలో ఒక్క వాక్యం చాలు హైమావతీ," అన్నాడు పురుషోత్తం ఫోనులో. "యంత్రం నిబంధనల ప్రకారమే నడిచింది. అంతే. చెవి సంగతి ఎత్తావంటే ఊరుకోరు జనం. ఆ చెవిని చూసే కదా పక్క రాష్ట్రాలు మన యంత్రాన్ని కొనడానికి ముందుకొచ్చింది. అది నీ బిడ్డ. నీ చేతులతోనే పీక నొక్కుతావా?"

ఆదివారం నాడు హైమ భీమవరం వచ్చింది. తండ్రి వడ్డించిన అన్నం కెలుకుతూ కూర్చుంది.

"శ్రుతికి ఏసమ్మ గారి మిషను వినబడింది నాన్నా. వినబడే వదిలేసింది. కొమ్మరవరం వైపు ముప్పై మందికి పైగా రోగులున్నారని విన్నది. పల్లెపాడులో ఒక్కరే. అందుకని."

"కొమ్మరవరంలో అంతమంది రోగులా? ఆ ఊళ్ళో గట్టిగా నలభై గడపలుంటే ఎక్కువ. మిగతాదంతా రొయ్యల చెరువులే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెయ్యి కడుక్కుని బయల్దేరారు.

* * *

చెరువుల్లో ఏరేటర్ల చక్రాలు నీటిని చిలుకుతున్నాయి. ఒక్క గంట అవి ఆగితే గాలాడక రొయ్య తేలిపోతుంది. గట్టు మీద తాటాకు షెడ్డు ముందు వేగేశ్న నరసరాజు గారు మడతమంచం వాల్చుకుని ఉన్నారు. మాష్టార్ని చూసి లుంగీ దించుకుని లేచారు.

"ఏవండోయ్ మాష్టారూ, మా తమ్ముడికి పాఠాలు చెప్పి పాస్ చేయించారు, గుర్తున్నారండీ. రండి. మజ్జిగ తాగుతారా?"

"తాగుతాంగాని రాజు గారూ, ఆ చప్పుడేమిటి షెడ్డులో?"

ఆ చప్పుడు వెంకటరత్నం గారికి కొత్త కాదు. బుస్సుమని పీల్చి, ఒక్క క్షణం ఆగి, టప్పుమని వదులుతుంది. ఎన్నో ఏళ్ళు ఆ చప్పుడు వింటూనే నిద్రపోయారాయన.

నరసరాజు గారు మొహమాటంగా తలుపు తీశారు. మేత బస్తాల మధ్య పాత ఆక్సిజన్ మిషను. దాని గొట్టం నీళ్ళ బకెట్లో పెట్టి ఉంది. బకెట్లో బుడగలు వస్తున్నాయి.

"రోగి ఎవరండీ?" అంది హైమ.

"రోగేంటమ్మా, బకెట్టే. మా బాబాయికి ఆయాసం వచ్చి ఇది కొన్నారు. ఆయనున్నన్నాళ్ళూ ఆ చెరువు మీద కరెంటు రెప్ప కొట్టలేదు. ఆయన పోయాక మిషను తీసి పక్కన పెడితే మళ్ళీ మొదలు. మావాళ్ళకి బుర్రలో వెలిగింది. విజయవాడలో పాత మిషన్లు చవగ్గా దొరుకుతున్నాయండి. ఇప్పుడు ప్రతి షెడ్డులోనూ ఒకటుంది. ఆయ్."

"అంటే మీ రొయ్యలకి ఆయాసం," అన్నారు వెంకటరత్నం గారు.

"రొయ్యలకే కాదండీ, మాకూ ఆయాసమే. చెరువు చస్తే మేం బతుకుతామా?"

మాష్టారికి నవ్వొచ్చింది. పడీపడీ నవ్వారు. అంత గొప్ప యంత్రాన్ని ఒక బకెట్టూ గొట్టమూ పడగొట్టేశాయి. నవ్వుతూ నవ్వుతూ కాలవ అవతల పల్లెపాడు చర్చి గోపురం కనబడి ఆగిపోయారు.

"రాజు గారూ, మొన్న గాలివానకి అవతల ఊళ్ళో ఏసమ్మ మిషను ఎందుకు ఆగిందో తెలుసా మీకు?"

చెప్పారు. నరసరాజు గారు చివరిదాకా విన్నారు. షెడ్డులోకి వెళ్ళారు. బుస్సుమనే చప్పుడు ఆగిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు కాలవ గట్టున హైమ కారాపింది.

"ముప్పై మందికి పైగా అన్నాను కదా నాన్నా. ఈ లైన్ల మీద రోగి లేకుండా తిరుగుతున్న మిషను ఇంకొకటి కూడా ఉంది. భీమవరంలో. సాయంత్రం దీపం పెట్టే వేళకి మొదలై, పొద్దుపోయేదాకా తిరుగుతుంది. నాలుగేళ్ళుగా."

వెంకటరత్నం గారు కారు అద్దంలోంచి బయటికి చూశారు. కాలవలో ఎవరో బాతుల్ని తోలుకెళుతున్నారు.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"అమ్మ చనిపోయిన నెల నుంచీ. కంప్యూటరు తెర మీద మన మీటరు వణుకు చూశాను. ముందు యంత్రం పొరపాటనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఆ చప్పుడు వింటూ కూర్చుంటున్నావని."

"ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుందే తల్లీ," అన్నారాయన మెల్లగా. "అది తిరుగుతుంటే పక్కగదిలో ఉన్నట్టే ఉంటుంది."

"నువ్వు నాకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని లేదు కాబట్టి చెప్పలేదు. కానీ నేను వినేశాను. అడగకుండా. ఏలూరులో ఆ తెర ముందు కూర్చునే మిగతావాళ్ళు కూడా చూడొచ్చు. ఎవరింట్లో ఎవరు మేలుకుని ఉన్నారో, ఎవరు ఒంటరిగా ఉన్నారో, అన్నీ." ఆమె స్టీరింగు వదల్లేదు. "రోగుల్ని కాపాడదామని పెట్టాను ఆ చెవి. అమ్మ మంచం పక్కనుంచి పుట్టిన ఆలోచన. దాన్ని మూసేస్తే అమ్మ పేరున చేసిన పని మూసేసినట్టే ఉంటుంది. తెరిచి ఉంచితే ఇలా ఉంటుంది. ఏం చెయ్యమంటావు?"

"రేపు విచారణలో నేను మండలి కుర్చీలో ఉండను. జనంలో ఉంటాను. నువ్వు ఏం చెప్పినా వినడానికి ఉంటాను. ఇంతకు మించి నాకు తెలీదమ్మా."

* * *

విచారణ పల్లెపాడు కల్యాణ మండపంలో పెట్టారు. అంతకుముందు రోజు ఎవరిదో పెళ్ళయింది. స్తంభాలకి అరటిగెలలు ఇంకా వేలాడుతున్నాయి. పెళ్ళికొడుకు కూర్చున్న ఎత్తు కుర్చీని పక్కకి జరిపి, షరీఫాబేగం మామూలు కుర్చీలో కూర్చున్నారు. వెంకటరత్నం గారు మూడో వరసలో చేపల ఆటో డ్రైవరు పక్కన కూర్చున్నారు.

కరుణ లేచి నిలబడింది. పాత నైలాన్ చీర, చేతిలో రుమాలు.

"నాకు ఒక్కటే తెలియాలండీ. మా అత్త మిషను ఆపింది ఎవరు? మనిషా? మనిషైతే పేరు చెప్పండి. మిషనైతే, మా అత్త సంగతి దానికి తెలుసా తెలియదా?"

పురుషోత్తం హైమ వైపు చూశాడు. ఆ ఒక్క వాక్యం కోసం ఎదురుచూస్తున్నాడు. హైమ లేచింది.

"తెలుసమ్మా. మీ అత్తగారి మిషను దానికి వినబడింది. అవతల ఇంకా ఎక్కువమంది ఉన్నారనుకుని మీ ఊరు వదిలేసింది. వినే చెవి నేను పెట్టింది. పేరు అడిగారు కాబట్టి, నా పేరే రాసుకోండి."

మండపం అంతా గుసగుసలు. వెనకనుంచి ఎవరో అరిచారు. "మా ఇళ్ళల్లో ఏం జరుగుతోందో వింటున్నారా మీరు?"

"వింటున్నామండీ," అంది హైమ. చెవి ఎలా పనిచేస్తుందో చెప్పింది. అవతలి మిషన్లలో ఒక్కదాని చివరా మనిషి లేడని చెప్పింది. "వాళ్ళు యంత్రాన్ని మోసం చేశారని నేననను. మీ ఇంట్లో ఆపకూడనిది ఏముందని మేం ఎప్పుడైనా అడిగామా? అడిగితే నోటితో చెప్పేవాళ్ళు. అడక్కుండా గోడకి చెవి ఆనించాం. ఆ సంగతి తెలిసినవాళ్ళు గోడ దగ్గర బకెట్టు పెట్టారు." ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. "రోగి లేని మిషను ఇంకొకటి కూడా ఉంది. ఆ ఇల్లు ఎవరిదో నాకు తెలుసు. అది ఎందుకు తిరుగుతుందో కూడా తెలుసు. కానీ చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు. తెలుసుకునే హక్కే లేదు. అందుకే ఈ చెవి మూసేయాలని మండలిని కోరుతున్నాను. దాని బదులు వీధి వీధికీ వెళ్ళి మనుషుల్నే అడుగుదాం. చెప్పింది నిజమో కాదో ఆ వీధికే తెలుస్తుంది."

పురుషోత్తం మొహం గంటుపెట్టుకున్నాడు. "ఏళ్ళ తరబడి చేసిన పని. దాన్ని మించిన యంత్రం దేశంలో లేదు. ఒక ఇంటి పేరు చెప్పడానికి నోరు రాలేదని మూసేస్తారా?"

మూడో వరసలో కుర్చీ కిర్రుమంది. వెంకటరత్నం గారు లేచారు. సభ్యుడిగా కాదు, మీటరున్న మనిషిగా మాట్లాడొచ్చా అని అడిగారు. షరీఫాబేగం తలూపారు.

"ఆ ఇల్లు మాదేనండీ," అన్నారు. "మా ఆవిడ మిషను. ఆవిడ లేదు. చప్పుడు కోసం నడుపుతున్నాను. దాని మూలంగా మా ఇంటికి ఎప్పుడూ కరెంటు ఆగదు. అదృష్టమనుకున్నాను. ఆగాల్సిన వంతు ఇంకెవరికో వెళ్ళి ఉంటుంది." ఆయన కరుణ వైపు తిరిగారు. "ఆ యంత్రం నా గురించి అన్నీ విన్నది తల్లీ. ఒక్కటి తప్ప. ఎందుకో దానికి తెలియలేదు. మనిషిని అడిగితేనే తెలుస్తుంది."

అప్పుడు వెనక వరసలోంచి నరసరాజు గారు లేచారు. చేతిలో కండువా నలుపుతున్నారు. "మా వైపు మిషన్లన్నీ తీయించేశామండి. ఏరేటర్లకి జనరేటరు మేమే పెట్టుకుంటాం. ఏసమ్మ గారి వైద్యం ఖర్చు చెరువు రైతులందరం చూసుకుంటాం. ఆవిడ వద్దన్నా సరే." కరుణ రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మండలి సభ్యులు ఓటుకి చేతులెత్తారు. కుట్టుమిషను ఆవిడ చెయ్యి అందరికన్నా ముందు లేచింది. చెవి మూసేయాలని తీర్మానం. పురుషోత్తం లేచి వెళ్ళిపోతూ హైమ దగ్గర ఆగాడు. "పక్క రాష్ట్రాలవాళ్ళు ఇక రారు," అన్నాడు. "రాకపోతే పోనివ్వండి సార్," అంది ఆమె. కళ్ళలో నీళ్ళున్నాయి. తల మాత్రం దించలేదు.

ఆటో డ్రైవరు వెంకటరత్నం గారి వైపు వంగి, "ఆ అమ్మాయెవరండీ, మీకు తెలుసా?" అన్నాడు.

"మా అమ్మాయేనండీ," అన్నారాయన. గంజిపెట్టిన కాలరు ఆయన మెడకి ఆనుకుని ఆ పూట కూడా నిటారుగానే నిలబడింది.

* * *

వానలు పడ్డాక ఒక సాయంత్రం పార్వతమ్మ వెంకటరత్నం గారి గుమ్మంలోకి వచ్చింది. ఆ వీధిలో అడిగే పని ఆవిడకే ఒప్పజెప్పారు.

"మాష్టారూ, మీ ఇంట్లో కరెంటు ఆగకూడనిది ఏమైనా ఉందాండీ?"

వెంకటరత్నం గారు కాస్త ఆలోచించారు. సుభద్రమ్మ మిషను కిందటి వారమే పల్లెపాడు వెళ్ళిపోయింది. ఏసమ్మ గారి మిషను మొరాయిస్తే అక్కరకొస్తుందని స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చారు. ముసలావిడకి మాట ఇంకా రాలేదు. ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. కరుణ కాసిన్ని మామిడి తాండ్ర ముక్కలు కాగితంలో కట్టిచ్చింది.

"ఏమీ లేదమ్మా. మా ఇంటికి ఎప్పుడైనా ఆపుకోవచ్చు."

హైమ ఏలూరు నుంచి ఫోను చేసింది. అడిగే పద్ధతికి కొత్త యంత్రం కట్టే పని మండలి తనకే ఇచ్చిందనీ, జీతం తగ్గిందనీ, పని పెరిగిందనీ చెప్పింది. తిన్నావా అని అడిగారు. తిన్నానంది. అబద్ధమని గొంతులో తెలిసిపోయింది.

"అమ్మ ఉంటే ఏమనేది నాన్నా?"

"ఏమనేదో నాకేం తెలుసు? అడిగితే గానీ చెప్పే మనిషి కాదు." ఆగి, మళ్ళీ అన్నారు. "వీధిలో అందరికీ చెప్పుకునేది. నేను చెప్పుకుంటున్నట్టే."

ఫోను పెట్టేశాక పడక్కుర్చీలో కూర్చున్నారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. చూరు మీంచి వాన చుక్కలు తులసికోట అరుగు మీద పడుతున్నాయి. కాసేపటికి తల మీద ఫ్యాను నెమ్మదించి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకుంది. ఆ ఇంట్లో అలా ఆగడం అదే మొదటిసారి. ఎక్కడో ఎవరికో ఒక చిటికెడు వెళ్ళింది. వెంకటరత్నం గారు పైకి చూసి, ఇంటికి చుట్టం వచ్చినట్టు చిన్నగా నవ్వుకున్నారు.

లేచి పక్కగదిలోకి వెళ్ళారు. మిషను ఉండే మూల గచ్చు మీద నాలుగు చక్రాల గుర్తులు తెల్లగా ఉన్నాయి. మంచం మీద దుప్పటి సరిచేశారు. దీపం తీసేసి, చప్పుడు కాకుండా ఆ గది తలుపు చేరవేశారు.